గట్టు తొక్కిన పిల్లలు

మాఘ పున్నమి, పొద్దుటి పోటు

గుడ్లు మాట్లాడుతున్నాయి.

అబద్ధం కాదు. పొదుగుడు పెట్టె మూతకి చెవి ఆనించి నేనే విన్నాను. పెంకు లోపల్నుంచి సన్నగా, ఆగి ఆగి, ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటున్నాయి. ఓదెలును కేకేసి, వాడి తల పట్టుకుని మూతకి నొక్కాను.

"మెల్లగక్కా, మెడ ఇరుగుతది," అన్నాడు. ఆ తర్వాత మూత మీంచి తల ఎత్తలేదు. ఓదెలు ఒక్కచోట కదలకుండా కూర్చోవడం ఈ తెప్ప మీద ఇంతవరకూ ఎవరూ చూసి ఉండరు.

కేంద్రంవాళ్ళు ఈ చిట్టా చదువుతారు కాబట్టి పద్ధతిగా మొదలుపెట్టాలట. సరే. నా పేరు నూకరత్నం. నీళ్ళ మీద తేలే తెప్పలపాలెంలో పుట్టి, అక్కడే పెరిగి, ఊరి చివర కట్టిన పిట్టల తెప్ప మీద పిట్టపిల్లల పెంపకం చూస్తున్నాను. ఓదెలు గట్టువాడు, అంటే కదలని నేల మీద పుట్టినవాడు. మంచిర్యాల వైపు నుంచి యంత్రాలు చూసుకోవడానికి వచ్చాడు. మా ఇద్దరి చేతుల్లో ఉన్నవి ఎనిమిది గుడ్లు, బురదలో పురుగులేరుకు తినే కొడవలిముక్కు ఉల్లంకి పిట్టలవి. సముద్రం ఊళ్ళను మింగాక ఈ తీరంలో వాటికి మిగిలింది ఒక్క గుల్లదిబ్బ. దిబ్బ వాలులో గూళ్ళు పెడతాయి, అమావాస్య పోటు వచ్చి ఊడ్చుకుపోతుంది. దిబ్బ నెత్తిన ముళ్ళపొదల దాకా నీళ్ళు రావు గానీ గుడ్లకి కాళ్ళుండవు కదా. పెద్దపిట్టలు ముసలివైపోతున్నాయి. వాటి వెనక పిల్లల్లేరు. అందుకే ఈసారి గుడ్లు తెచ్చి మేం పొదిగిస్తున్నాం.

మా పై అధికారి త్రిపురాంబ గారు సాయంత్రం తెర మీద కనిపించి సంతోషించారు. సంతోషించి, పాత మాటే మళ్ళీ చెప్పారు. "ఇది ఆఖరి ప్రయత్నం నూకరత్నం. రెక్కలు రాకముందే దిబ్బ మీద వదిలితేనే ఆ నేల వాటికి సొంతమవుతుంది. అక్కడ బతకలేకపోతే మిగిలినవాటిని గట్టు మీది జాలీ పంజరాలకి తెచ్చేస్తాం. ఇంక జన్మంతా అక్కడే."

ఆవిడ కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ ఓ మాట అనేసి మర్చిపోయేదాన్ని.

మాఘ బహుళ పంచమి, ఆటు

ఎనిమిదికి ఎనిమిదీ పిల్లలయ్యాయి. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

దూదిముద్దకి రెండు పుల్లలు గుచ్చినట్టుంటాయి. ముక్కు ఇంకా వంకర తిరగలేదు. ఒక్కోదాని కాలికి ఒక్కో రంగు ఉంగరం వేశాం. ఉంగరంలోంచి గుండె చప్పుడూ ఒంటి వేడీ ఓదెలు చేతిలోని తెరపలక మీదికి వస్తాయి. పేర్లు పెట్టకూడదని నియమం కాబట్టి రంగులతోనే పిలుస్తున్నాను, ఆ పిలవడం మాత్రం పేరు పెట్టి పిలిచినట్టే ఉంటుందని ఓదెలు ఎగతాళి చేస్తాడు.

వాటికి తల్లి ఎవరంటే అమ్మబొమ్మ. ఓదెలు సొంత సృష్టి. పెద్ద ఉల్లంకి ఆకారం, కాళ్ళకి చక్రాలు, పొట్ట కింద వెచ్చదనం, గొంతులో దిబ్బ మీది పిట్టల అసలు పిలుపులు. బొమ్మ ఎటు దొర్లితే పిల్లలు అటు పరుగు. పొద్దున బొమ్మ చక్రం ఇరుక్కుని గిరగిరా తిరుగుతుంటే ఎనిమిదీ దాని వెనక గుండ్రంగా పరిగెత్తాయి. నవ్వలేక చచ్చాను.

పురుగులు తెచ్చిపెట్టేది మా పోలమ్మ పిన్ని. అమ్మకి చెల్లెలు. ఆటు వేళ బురదమేటలో దిగి బుట్ట నింపుకుని వస్తుంది. ఇవాళ పిల్లల్ని చూసి ముచ్చటపడి, నన్ను చూసి మూతి తిప్పింది.

"ఏటే నూకా, నీకే గట్టు తొక్కించలేదు. నువ్వు ఈటికి బయట బతకడం నేర్పుతావా?"

ఇది పిన్ని నా చిన్నప్పట్నుంచీ అంటున్న మాట. తెప్పలపాలెంలో బిడ్డకి మెడ నిలబడ్డాక పాత వంతెన దగ్గరికి తీసుకెళ్తారు. ఒకప్పుడు రోడ్డు ఆ వంతెన ఎక్కే వాలు ఇప్పుడు నీళ్ళలోంచి పైకి లేచి ఉంటుంది. కదలని నేలంటే మాకు దగ్గర్లో అదే. అక్కడ బిడ్డ పాదాలు నేలకి ఆనించే వేడుకనే గట్టు తొక్కించడం అంటాం. నా వంతు వచ్చేసరికి తుపాను పట్టుకుంది, ఆ తర్వాత ఎవరికీ గుర్తులేదు. ఇప్పటికీ కదలని నేల మీద నిలబడితే నాకు కడుపులో తిప్పుతుంది.

పిన్ని ఏమన్నా అననీ. తెప్ప అలకి ఒరిగితే పిల్లలన్నీ ఇటు ఒరిగి, మళ్ళీ అటు ఒరుగుతున్నాయి, అచ్చం మాలాగే. ఓదెలు ఒక్కడే తూలి గుంజ పట్టుకుంటాడు. పక్కా తెప్ప బిడ్డలని నేను మురిసిపోయాను.

ఫాల్గుణ శుద్ధ అష్టమి, మధ్యాహ్నపు పోటు

ఎలా రాయాలో తెలియడం లేదు.

అష్టమి పోటు మెత్తగా ఉంటుందని, మొదటిసారికి ఇదే మంచిదని ఎంచుకున్నాం. దిబ్బ అంచున వల కట్టి, లోపల పిల్లల్ని వదిలాం. ఆహా, ఆ మొదటి ఘడియలు! బురదలో ముక్కు దించీ దించగానే ఎర్ర ఉంగరం తన జీవితంలో మొదటిసారి సొంతంగా పురుగు లాగింది. లాగి, అదేమిటో తెలియక మళ్ళీ పారేసింది. ఊదా ఉంగరం దాన్ని మింగేసింది. నేను పడవలోనే ఎగిరితే ఓదెలు తిట్టాడు.

తర్వాత నీళ్ళొచ్చాయి. పిల్లలు కదల్లేదు.

మొదట నేను వాటి ధైర్యానికి పొంగిపోయాను. నీళ్ళు గోళ్ళు దాటాయి, మోకాళ్ళు దాటాయి. మెరక వైపు వల తెరిచే ఉంది. ఒక్కటీ అటు చూడలేదు. నిశ్చింతగా నిలబడి, ఎవరో వచ్చి ఎత్తుకుంటారన్నట్టు చూస్తున్నాయి. ఓదెలు పలకలో గుండె చప్పుళ్ళు కూడా మామూలుగానే ఉన్నాయి, వాటికి భయమన్నదే లేదు. పొట్టలు తడిసి, కాళ్ళు తేలిపోయి ఒక్కొక్కటే వాలిపోతుంటే ఇద్దరం నీళ్ళలోకి దూకాం. ఏడు దొరికాయి.

ఊదా ఉంగరం దొరకలేదు. పలక మీద దాని చప్పుడు కాసేపు వచ్చి ఆగిపోయింది. నేను ఏడ్చాను. ఓదెలు కూడా ఏడ్చాడు, రాసుకోవద్దన్నాడు గానీ రాస్తున్నాను.

ఫాల్గుణ శుద్ధ ఏకాదశి

జాలీ పెట్టెలు వచ్చాయి. ఏడు. గట్టు నుంచి పడవలో పంపారు. మడిచి, తాళ్ళు కట్టి, మా వంటింటి గోడకి ఆనించారు. టీ పెట్టుకోవాలంటే వాటి మీదుగా చెయ్యి చాచాలి.

త్రిపురాంబ గారితో గట్టిగానే మాట్లాడాను. "వాటికి ఏదో ఒకటి మేం నేర్పలేదండీ. ఏంటో తెలిస్తే నేర్పేస్తాం," అన్నాను.

"అమావాస్య పోటుకి మళ్ళీ వదలండి. అసలు పరీక్ష అదే కదా. అప్పుడూ నిలబడిపోతే మాత్రం పెట్టెలు విప్పాల్సిందే. ఇంకో పిల్లని నీళ్ళకి ఇవ్వలేను నూకరత్నం." ఆవిడ కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి. ఇద్దరం ఒకే పిల్ల గురించి ఏడ్చి వచ్చినవాళ్ళం, ఇంక ఎవరితో పోట్లాడను.

అమావాస్య లోపల కారణం కనిపెట్టాలి. కనిపెట్టకపోతే ఈ ఏడూ జాలీలో పెరిగి, జాలీలో గుడ్లు పెట్టి, జాలీలో పోతాయి. దిబ్బ మీది ముసలి పిట్టలు పోయాక ఆ బురదలో వంకరముక్కు గుర్తులు ఇక పడవు.

ఓదెలుకి ఒక ఆలోచన వచ్చింది. "భయం తెల్వదు వీటికి. భయపెడితే ఉరుకుతయి." సరే, అమ్మబొమ్మ గొంతులో పెద్దపిట్టల ప్రమాదం కేక పెట్టాం. పిల్లల్ని తెప్ప మీద నీళ్ళతొట్టెలో నిలబెట్టి బొమ్మ చేత కేక వేయించాం.

ఏడూ ఒక్కసారిగా చతికిలబడ్డాయి. నీళ్ళలోనే, మెడలు చాపి, కదలకుండా. గద్ద వచ్చినప్పుడు పిల్లలు చేసేది అదే మరి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, కంగారులో ఇద్దరం మరిచాం. గబగబా తీసి తువ్వాళ్ళలో చుట్టాం. ఓదెలు బొమ్మని మూలకి తిప్పి, గోడ వైపు మొహం పెట్టి నిలబెట్టాడు.

ఫాల్గుణ పున్నమి, సాయంత్రపు పోటు

తెలిసిపోయింది! తెలిసిపోయింది, తెలిసిపోయింది.

వరసగా రాస్తాను. మధ్యాహ్నం దిబ్బ దగ్గర మేటలో దిగి (కాళ్ళు దిగబడే మెత్తటి బురద కాబట్టి అక్కడ నాకు తిప్పదు), ఏ లోతులో ఏ పురుగుందో సీసాలకెత్తుతున్నాను. పనిలో పడితే నాకు లోకం తెలియదు. వెనక నుంచి ఓదెలు అరుస్తున్నాడు. ఏదో పాట పాడుతున్నాడనుకున్నాను.

"అక్కా! ఓ అక్కా! ఏంది గట్ల నిలవడ్డవు? నీళ్ళు నడుముల దాంక వచ్చినయి!"

కిందికి చూసుకున్నాను. నిజమే. పున్నమి పోటు నా చుట్టూ సుడి తిరుగుతోంది, మూత పెట్టిన సీసాలు తేలుకుంటూ పోతున్నాయి. నాకు ఏమాత్రం కంగారు లేదు. నీళ్ళు పెరిగాయని తెలుస్తూనే ఉంది, దానికి నేనేం చెయ్యాలో ఒంటికి తట్టలేదు. వాడు పడవ తెచ్చి జబ్బ పట్టి లాగాడు.

"నీకు పిచ్చా? నీళ్ళొస్తే ఎవలన్న జరుగుతరు గదా!"

"ఎందుకు జరగాలిరా," అన్నాను. నిజంగానే అడిగాను. "నీళ్ళొస్తే నేల కూడా లేస్తుందిగా."

అన్నాక నా మాట నాకే వినిపించింది. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం.

పుట్టిన దగ్గర్నుంచీ నా కింద నేల నీటితోపాటు లేచింది, నీటితోపాటు దిగింది. ఎంత పోటు వచ్చినా మా గడప తడవలేదు. పోటుకి తప్పుకోవాలని నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు. ఆ పిల్లలూ అంతే. తెప్ప మీద పొదిగాం, తెప్ప మీద పెంచాం. అవి భయం తెలియక నిలబడలేదు. నేల లేస్తుందని నమ్మి నిలబడ్డాయి.

పక్కా తెప్ప బిడ్డలని మురిశాను చూడు, నా తెలివి తెల్లారిపోను. గట్టు మీద ఏ బడుద్ధాయి పెంచినా ఈ తప్పు చేసేవాడు కాదు. మేం కాబట్టి చేశాం.

ఊదా ఉంగరానికి ఇది ఆలస్యమైపోయింది. కానీ ఇప్పుడు ఏం నేర్పాలో తెలుసు. ఓదెలు బొమ్మని గోడ వైపు నుంచి ఇటు తిప్పి, దానికి దణ్ణం పెట్టాడు.

ఫాల్గుణ బహుళ విదియ

నీళ్ళొస్తే లేవని నేల కావాలి. వాలుగా ఉండాలి, వెనక్కి నడిస్తే పొడి తగలాలి. దిబ్బ మీదే నేర్పుదామంటే పొరపాటు జరిగితే మళ్ళీ పిల్లల్ని పోగొట్టుకుంటాం. ఓదెలు కాగితం మీద గుంజలూ పలకలూ గీస్తున్నాడు. పిన్ని పురుగుల బుట్ట దించుతూ, ఎదురు తెప్పవాళ్ళ మనవడికి రేపు గట్టు తొక్కించాలని, వంతెన వాలు కడిగి రావాలని చెబుతోంది. మా ఊళ్ళో ఆ వేడుక జరిపించేది పిన్నే.

"పిన్నీ, ఆ వేడుకలో ఏం చేస్తారు?" అన్నాను.

"నీకు తెలీదా? ఔన్లే, వాలెక్కితే తిప్పుద్దని ఏనాడూ రాలేదు, నీకెలా తెలుత్తాది. ఎక్కే పోటులో బిడ్డని తల్లి చేతులతో పట్టించి నీళ్ళ అంచున నిలబెడతాం. తడి కాలికి తగల్గానే తల్లి ఓ అడుగు ఎనక్కేయిత్తాది. మళ్ళీ తడి తగుల్తాది, మళ్ళీ అడుగు. అలా పొడి దాకా."

నేను పిన్నిని పట్టుకుని గిర్రున తిప్పాను. బుట్ట బోర్లాపడి తెప్పంతా పురుగులు.

"పిన్నీ, నా పిల్లలకి గట్టు తొక్కించాలి."

పిన్ని ముందు నవ్వింది, తర్వాత కోప్పడింది. బిడ్డలకి చేసే వేడుక పిట్టలకేంటి, ఊళ్ళో వాళ్ళు ఏమనుకుంటారంది. నేను ఊదా ఉంగరం సంగతి చెప్పాను. నడుం లోతులో సీసాలు పట్టుకుని నిలబడిన సంగతీ చెప్పాను. రెండోది విన్నాక పిన్ని కూర్చుండిపోయింది.

"నిన్ను ఆ రోజు తుపానులోనైనా తీసుకెళ్ళాల్సిందే," అంది. "సరే, తే నీ ఎదవ పిట్టల్ని."

ఫాల్గుణ బహుళ అష్టమి

రోజూ ఎక్కే పోటుకి వంతెన వాలు దగ్గరికి వెళ్తున్నాం. పాత తారు మీద వేలెడు మందాన బురద పరిచాం. అమ్మబొమ్మని నీళ్ళ అంచున నిలబెడతాం, దాని చుట్టూ పిల్లలు. చక్రం తడవగానే బొమ్మ కొంచెం పైకి దొర్లి, మామూలు పిలుపు పిలుస్తుంది. ప్రమాదం కేక కాదు, రండి అన్న పిలుపు. పిల్లలు దాని వెనక. మళ్ళీ తడి, మళ్ళీ కొంచెం పైకి.

మొదటి రోజు బొమ్మ కోసమే నడిచాయి. తర్వాత్తర్వాత ఓదెలు బొమ్మని ఆలస్యంగా కదిలించసాగాడు. నిన్న ఆకుపచ్చ ఉంగరం బొమ్మ కదలకముందే తడి కాలు విదిలించి పైకి వెళ్ళింది. ఇవాళ ఆరు వెళ్ళాయి. తల్లి కన్నా ముందు నడుస్తున్న పిల్లల్ని చూసి ఓదెలు నా భుజం తట్టబోయి పిన్ని భుజం తట్టాడు. పిన్ని పట్టించుకోలేదు, ఆవిడా అంత సంబరంగానే ఉంది.

మిగిలింది ఎర్ర ఉంగరం. అన్నిటికన్నా ముందు పురుగు లాగిన మొండిఘటం. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చినా నిలబడే ఉంటుంది. బొమ్మ పిలిస్తే వస్తుంది, పిలవకపోతే లేదు. అమావాస్య నాడు బొమ్మ ఉండదు.

"దీనికి నీ బుద్దే వచ్చింది," అంది పిన్ని. అప్పటికి నా పాదాలు కూడా తడిసే ఉన్నాయి. నేను వాలు కింద నీళ్ళలోనే పడవ పట్టుకుని నిలబడతాను, పైకి ఎక్కను. ఎక్కితే కడుపులో తిప్పుతుంది.

ఫాల్గుణ అమావాస్య, పొద్దుటి పోటు

రాత్రంతా నిద్ర లేదు. ఏడు జాలీ పెట్టెలూ పడవలో ఎక్కించుకునే వెళ్ళాలన్నారు త్రిపురాంబ గారు. ఎక్కించాం. ఆవిడ పడవలోని తెర మీంచి చూస్తున్నారు.

దిబ్బ అంచున వల తీసేశాం. ఓదెలు, పిన్ని పడవలో ఆగారు. ఏదైనా తేలిపోతే అందుకోవడానికి దగ్గరగా ఒకరుండాలి, ఆ ఒకరిని నేనే. చేతిజల్లెడ పట్టుకుని వాలు మీద కదలకుండా నిలబడ్డాను. బొమ్మ లేదు, పిలుపు లేదు. పిల్లలు బురదలో తింటున్నాయి, వాటి పనిలో అవి ఉన్నాయి.

అమావాస్య పోటు మెల్లగా రాదు. అంచు కనిపించిన కాసేపటికే నీళ్ళు గుల్లల మధ్య బుసబుసమంటూ వచ్చాయి. ఆకుపచ్చ ఉంగరం కాలు విదిలించింది, నడిచింది. దాని వెనక పసుపు. దాని వెనక మిగతావి, తింటూ తింటూ, తొందర లేకుండా, దిబ్బ నెత్తి వైపు. నాకు అరవాలనుంది, అరిస్తే చతికిలబడతాయి. పెదవి కొరుక్కున్నాను.

ఎర్ర ఉంగరం నిలబడింది.

నా నుంచి చెయ్యి చాస్తే అందేంత దూరం. నీళ్ళు దాని మోకాళ్ళు దాటాయి. నావి పిక్కలు దాటాయి. అది నన్ను చూస్తోంది. దాన్ని ఎత్తుకుంటే పెట్టెలో పెట్టాలి. ఎత్తకపోతే ఊదా ఉంగరమే గుర్తొస్తోంది. జల్లెడ నీళ్ళలోకి దించాను.

"నూకా," అంది పిన్ని పడవలోంచి. గట్టిగా కాదు, బిడ్డ తల్లికి చెప్పే గొంతుతో. "కాలు తడిసింది గదే. ఓ అడుగు ఎనక్కెయ్యి."

నా వెనక నేల ఉంది. లేవని నేల. వెనక్కి ఒక అడుగు వేశాను. తల తిరిగింది, ఆగింది. నీళ్ళు మళ్ళీ నా కాలు తాకాయి. ఇంకో అడుగు వేశాను.

ఎర్ర ఉంగరం కాలు ఎత్తింది. విదిలించింది. నా వైపు ఒక అడుగు, తర్వాత నన్ను దాటి, పరుగు. నన్ను దాటి పైకి, మిగతా ఆరు ఉన్న పొదల దాకా పరుగు. నేను దాని వెనకే ఎక్కాను, ప్రతి తడికీ ఒక అడుగు, పొడి గుల్లలు అరికాళ్ళకి గుచ్చుకునేదాకా. పైన దిబ్బ మీది ముసలి పిట్టలు రెండు లేచి, పిల్లల చుట్టూ తిరిగి, వాటి మధ్య వాలాయి. తెర మీద త్రిపురాంబ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారని ఓదెలు కిందినుంచి అరిచాడు.

పోటు దిగేదాకా దిబ్బ మీదే కూర్చున్నాను. కడుపులో తిప్పలేదు. జాలీ పెట్టెలు కట్టిన తాళ్ళతో సహా గట్టుకి తిరిగి పంపేశాం.

పిన్ని ఈ మాట చిట్టాలో ఉండాలంది, కాబట్టి రాస్తున్నాను. ఈ అమావాస్య పోటులో, గుల్లదిబ్బ మీద, పోలమ్మ అక్క కూతురు నూకరత్నానికి గట్టు తొక్కించారు. తొక్కించింది ఎర్ర ఉంగరం పిల్ల.